ఏడు చీరల ఎత్తు

జిమ్ములో కిటికీ కింది మూల మూడు నల్లటి రబ్బరు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇరవై కిలోలది. కుర్రాళ్ళు వాటిని ఇనుప కడ్డీకి తొడిగి, పళ్ళు బిగబట్టి పైకెత్తుతారు. నర్సక్క వాటిమీద కూర్చుంటుంది.

కూర్చోవడం, లేవడం. అదే ఆమె వ్యాయామం. రెండు నెలల కిందట బెంచీతో మొదలైంది. బెంచీ పోయి ఆరు ప్లేట్లు వచ్చాయి, ఆరు పోయి ఐదు. ఈ బుధవారానికి మూడు మిగిలాయి. అవి కూడా పోతే ఇక నేలే.

"ఛాతీ పైకి, మావశీ. కిందికి సూడకు," అంది ప్రణాలి. "చెయ్యి ఆనించొద్దు. దిగంగ శ్వాస లోపటికి, లేవంగ బయటికి."

ప్రణాలికి ఇరవై నాలుగేళ్ళు. ఆడవాళ్ళకు వ్యాయామం నేర్పే ట్రైనర్. భుజాలమీద ఎనభై కిలోల కడ్డీ పెట్టుకుని గొంతుకూర్చుని లేచే పిల్ల. బొగ్గుగని కాలనీలో పుట్టి మరాఠీ బడిలో చదివింది. ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప ఇంకో తెలుగు రాదు, పిన్నీ అనడానికి బదులు మరాఠీలో మావశీ అంటుంది. నర్సక్కకు అరవై మూడు. మొదటిరోజు ట్రాక్ ప్యాంటు వేసుకు రమ్మంటే, రాజురా దగ్గరి ఊళ్ళో పత్తి ఏరేనాటిలాగా చీరను కాసె కట్టి వచ్చి, ఇది చాలదా అని అడిగింది. చాలింది.

"కిందికి సూడకుంటె యాడ కూసుంటున్ననో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"ప్లేట్లు ఎటు పోతయి మావశీ? ఉన్నకాడనే ఉంటయి."

అది నర్సక్కకూ తెలుసు. అయినా నడుం సగం దిగేసరికి తల దానంతటదే ముందుకు వాలుతుంది, వీపు వంగుతుంది, చెయ్యి గోడను వెతుక్కుంటుంది. మూడు ప్లేట్ల దగ్గర తొమ్మిది రోజులుగా ఆగిపోయింది.

"సరే, ఇయ్యాల బరువు పెడ్దాం." ప్రణాలి ఐదు కిలోల చిన్న ప్లేటు తెచ్చి చేతికిచ్చింది. "ఇది పట్టుకుని చెయ్యి, వీపు సీదా అయితది. ఒక్క నిమిషం, ఆ ట్రెడ్‌మిల్ ఎందుకో ఆగింది, సూసొస్త."

నర్సక్క ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసింది. బరువన్నాక దాని చోటు దానికి ఉంటుంది. భుజంమీది తువ్వాల తీసి, మెలిపెట్టి, గుండ్రంగా చుట్టకుదురు చుట్టి నెత్తిన పెట్టుకుంది. దానిమీద ప్లేటు పెట్టి, రెండు వేళ్ళతో సర్ది, చేతులు వదిలేసింది. మెడ నిటారుగా నిలిచింది. నెత్తిన బరువుంటే కిందికి చూడడానికి ఉండదు. కిటికీలోంచి కనబడుతున్న కరెంటు తీగమీది పావురాన్ని చూస్తూ దిగింది. ప్లేట్లు తగిలాయి. లేచింది. పావురం ఇంకా అక్కడే ఉంది.

అద్దం ముందు కండలు చూసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు చేతుల్లో డంబెల్స్‌తో అలాగే ఆగిపోయారు. ట్రెడ్‌మిల్ దగ్గర్నుంచి తిరిగి చూసిన ప్రణాలి, "అరే బాప్‌రే," అని పరుగెత్తుకొచ్చింది. ప్లేటు తీసేయబోయి, చెయ్యి గాల్లోనే ఆపింది. ఒక అడుగు వెనక్కి వేసి, పక్కనుంచి మోకాళ్ళు చూసింది, మడమలు చూసింది, వీపు చూసింది.

"ఇంకోసారి చెయ్యి, మావశీ."

నర్సక్క ఇంకోసారి చేసింది.

"రెండు నెలల్నుంచి ఛాతీ పైకి, ఛాతీ పైకి అని నా గొంతు పోయింది," అంది ప్రణాలి. "ముందే చెప్పొద్దా నువ్వు?"

"ముందే బరువు ఇయ్యొద్దా నువ్వు?"

ప్రణాలి వంగి మూడు ప్లేట్లలో పైదాన్ని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది. రెండు మిగిలాయి. ఆ రెండింటిమీద కూడా నర్సక్క నాలుగుసార్లు కూర్చుని లేచింది.

బయట పోహా బండి దగ్గర ఆమె భర్త భీమన్న స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. భార్యను రోజూ జిమ్ముకు తోడుకొచ్చి, ఆమె బయటికొచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు. ఖాళీగా కూర్చోవడం బాగుండదని ఒక ప్లేటు పోహా తీసుకుంటాడు. దానిమీద తర్రీ, అంటే ఎర్రటి శనగల పులుసు, పోయించుకుంటాడు. తర్రీ మిగిలిపోతే ఇంకొంచెం పోహా, పోహా మిగిలిపోతే ఇంకొంచెం తర్రీ. ఈ రెండు నెలల్లో ఆమె మోకాళ్ళు మూడు ప్లేట్ల దాకా దిగితే, అతని చొక్కా బొత్తాం ఒకటి రాజీనామా చేసింది.

"ఎన్ని?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఆమె రెండు వేళ్ళు చూపించింది.

"రెండా!" అతను స్టూలుమీంచి లేచాడు. "బుధ, గురు, శుక్ర, శని. నాలుగు దినాలున్నయి. దినానికి సగం ప్లేటు. అయితదే నర్సూ."

"అయితదా?"

"అయితది. నీకు సూది నేనే కొనుక్కొస్త."

ఆదివారం వాళ్ళింట్లో బొంత. చిన్నకొడుకు నాగేష్‌కు ఏప్రిల్‌లో పెళ్ళయింది. ఆషాఢం వచ్చి కొత్తకోడలు అర్చన పుట్టింటికి వెళ్ళేలోపు, రెండు కుటుంబాల ఆడవాళ్ళ పాత చీరలు ఏడు పొరలుగా వేసి, కొత్త జంటకు బొంత కుట్టాలి. మొదటి అంచు పెళ్ళికొడుకు తల్లిది. నేలమీద కూర్చుని మొదలుపెట్టాలి, అంచు పూర్తయ్యేదాకా లేవకూడదు, లేచేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. తల్లి చెయ్యి చాచి లేస్తే పిల్లలు ఒకరి ముందు చెయ్యి చాచే రోజు వస్తుందని వాళ్ళ ఇళ్ళలో మాట. తల్లికి చేతకాకపోతే మేనత్త కుడుతుంది. మేనత్త అంటే భీమన్న చెల్లెలు ఆగమ్మ. పెద్దకొడుకు ఎల్లేష్ బొంత ఆమే మొదలుపెట్టింది. నర్సక్క కుర్చీలో కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చింది.

ఇంకోటి కూడా ఉంది. నాగేష్ పెళ్ళి వీడియో. పీటలమీద తంతు అయ్యాక నర్సక్క లేవలేకపోతే ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులు పెట్టి ఎత్తారు. వీడియో అతను దాన్ని నెమ్మదిగా కదిలేట్టు చేసి, వెనక పిల్లనగ్రోవి పెట్టాడు. కొత్త జంట ఆ వీడియోను టీవీలో రోజుకొకసారి చూస్తారు, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. ఆ ముక్క వచ్చే ముందు అర్చన రిమోట్ తీసుకుని చప్పుడు చెయ్యకుండా ముందుకు జరిపేస్తుంది. ఎత్తడంకన్నా ఆ జరపడమే నర్సక్కకు తగిలింది. మరునాడే జిమ్ముకు దారి అడిగింది.

*

గురువారం ఉదయం జిమ్ము గోడమీద కొత్త కాగితం ఉంది. మరాఠీలో పెద్ద అక్షరాలు. అరవై దాటిన మహిళలకు సైకిల్, ట్రెడ్‌మిల్ మాత్రమే.

ఆ జిమ్ములో అరవై దాటిన మహిళ ఒక్కతే.

యజమాని దత్తు బల్ల వెనకనుంచి లేచి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, నుదుట బొట్టు, నడుం పైభాగమంతా రాయిలా ఉంటుంది. చెడ్డవాడు కాదు, ఎండాకాలంలో అందరికీ మజ్జిగ పోయిస్తాడు. చేతిలోని ఫోను ఆమె ముందు పెట్టాడు. కెమెరాలో పడ్డ బొమ్మ. కాసె కట్టిన ముసలామె ఒకతి నెత్తిమీద ఇనుము పెట్టుకుని కిటికీలోకి చూస్తూ కిందికి దిగుతోంది. దాన్ని చూస్తే నర్సక్కకు ముందు సంతోషమే వేసింది. వీపు ఎంత నిటారుగా ఉందో.

"కాకూ, ఇది జిమ్మా, పొలమా?" అన్నాడు దత్తు. "ప్లేటు జారి మీద పడ్తే? నువ్వే పడ్తే? నీ కొడుకులు నన్ను ఊకుంటరా?"

"నేను పడలే కదా, దత్తు తమ్మీ."

"పడ్డంక నువ్వు చెప్పవు, పేపరోళ్ళు చెప్తరు. సైకిల్ తొక్కు. మస్తు మంచిది సైకిల్."

నర్సక్క గోడమీది కాగితం వైపు చూసింది. "మగోళ్ళకు ఏ కాగితం?"

"మగోళ్ళకెందుకు?"

అదే సమయంలో అద్దం పక్కన బల్లమీద వెల్లకిలా పడుకున్న లస్మయ్య ఇనుప కడ్డీ పైకెత్తుతూ "హుమ్మ్" అని గట్టిగా మూలిగాడు. అతనికి అరవై ఏడు. నర్సక్క వాళ్ళ వీధే. దత్తు అటు చూశాడు, నర్సక్క కూడా అటు చూసింది. లస్మయ్యకు తన మూలుగు తనకే వినబడింది. మెల్లగా కడ్డీ దించి, తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

"ఆయనకు పాత అలవాటు," అన్నాడు దత్తు.

"నాకు నెత్తిన బరువు ఆయనకంటె పాత అలవాటు."

దత్తు నవ్వాడు. నవ్వాడు కానీ కాగితం తీయలేదు. ప్రణాలి తల వంచుకుని డంబెల్స్ వరుసను సర్దుతోంది. ఇప్పటికే సర్ది ఉన్న వరుస అది.

నర్సక్క సైకిల్ ఎక్కింది. తొక్కింది. ఇరవై నిమిషాలు తొక్కినా కిటికీ కిటికీ దగ్గరే ఉంది. మూలలో రెండు ప్లేట్లు కనబడుతున్నాయి. ఒక కుర్రాడు వచ్చి ఒకదాన్ని తీసుకుపోయాడు, కాసేపటికి రెండోదాన్ని కూడా.

ప్రణాలి సైకిల్ హ్యాండిల్ తుడిచే వంకతో దగ్గరికి వచ్చింది. "మావశీ, ఇంట్ల ఏమన్న ఉన్నయా, ఒకదానిమీద ఒకటి పేర్చేటివి?"

నర్సక్క తొక్కడం ఆపింది. "ఉన్నయి."

"పేర్చు. మాపటికల్ల ఒక్కొక్కటి తియ్యి. గోడ పక్కనే ఉండాలె. నెత్తిమీద ఇనుము మాత్రం వద్దు, ఇంకేదన్న తేలికది పెట్టుకో."

"ఆదివారం నువ్వు రా. బొంతకు."

"నాకు కుట్టు రాదు మావశీ."

"కుట్టద్దు. అంచు కదలకుండ పట్టుకుని కూసుంటె సాలు."

"కూసునుడే గద," అంది ప్రణాలి తేలిగ్గా. "వస్త."

*

ఆ సాయంత్రం ఇంట్లో పెట్టెలోంచి ఏడు చీరలు బయటికొచ్చాయి. అన్నీ నూలువే, ఉతికి ఉతికి పూల రేకుల్లా మెత్తబడినవి. నర్సక్క తల్లిది ఒకటి, అత్తది ఒకటి, ఆగమ్మది ఒకటి, తనవి రెండు, అర్చన తల్లి పంపినవి రెండు. ఒక్కొక్కదాన్ని నాలుగు మడతలు వేసి, మళ్ళీ మడిచి, గోడ పక్కన పేర్చింది. ఏడు చీరల ఎత్తు మోకాలికి కొంచెం కింద ఆగింది.

భీమన్న స్టీలు గ్లాసు, చెంచా పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు గనిలో బొగ్గు తొట్లు లాగే ఇంజను దగ్గర సిగ్నల్ కొట్టిన మనిషి అతను. "ఇగో, రెండు కొడ్తె దించు. మూడు కొడ్తె ఎత్తు. ఒకటి కొడ్తె యాడున్నదాన్ని ఆడ ఆపు. సమజైందా?"

"నేను తొట్టినా?"

"తొట్టికి గింత కిరికిరి లేదు."

ఆమె చుట్టకుదురుమీద ఖాళీ ఇత్తడి చెంబు పెట్టుకుంది. అతను గ్లాసుమీద టింగు టింగు అని రెండు కొట్టాడు. ఆమె దిగింది. మూడు కొట్టాడు. లేచింది. పది సార్లయ్యాక పైచీర తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు పైన ఉన్నది అతని తల్లిది, ఆకుపచ్చ చుక్కల చీర.

"సూడు," అంది నర్సక్క కూర్చుంటూ. "నలభై ఏండ్లకు మీ అమ్మ నెత్తిమీద కూసునే దినం వచ్చింది."

భీమన్న నవ్వాపుకోలేక చెంచా జారవిడిచాడు. అది గ్లాసుకు ఒకసారి తగిలి కిందపడింది. ఒకటంటే ఆగమని. నర్సక్క నడుం సగం లేపి, చెంబుతో సహా, అలాగే ఆగిపోయింది.

"లేవే, అది సిగ్నల్ కాదు."

"నాకేం తెలుసు, నువ్వే చెప్తివి."

శుక్రవారం సాయంత్రానికి మూడు చీరలు మిగిలాయి. శనివారం పొద్దున రెండు. మధ్యాహ్నం కూలరు ముందు నిద్రపోయి లేచాక ఒకటి. బజారునుంచి నాగేష్, అర్చన చేతులూపుకుంటూ వచ్చేసరికి, తండ్రి గుమ్మంలో గ్లాసు వాయిస్తున్నాడు, తల్లి నెత్తిన చెంబుతో నేలమీదినుంచి లేస్తోంది. కింద ఒక్క చీర కూడా లేదు.

"అవ్వా," అన్నాడు నాగేష్, సంచులు అక్కడే పెట్టి. "మళ్ళోసారి చెయ్యి, వీడియో తీస్త."

"ముందు ఆ పిల్లనగ్రోవిది తీసేపియ్యి," అంది నర్సక్క.

అర్చన చప్పున తలెత్తి అత్త ముఖం చూసింది. ఆ ముక్క సంగతి అత్తకు తెలుసని ఆ పిల్లకు ఇప్పుడే తెలిసింది. చెవులదాకా ఎర్రబడి, నవ్వేసి, దగ్గరికొచ్చి అత్త నెత్తిమీది చెంబు తీసి తన నెత్తిన పెట్టుకుంది. రెండడుగులు వేసేసరికి అది జారి నాగేష్ చేతుల్లో పడింది. వాళ్ళకు అదొక ఆట అయిపోయింది. చెంబు పడడం, అతను పట్టుకోవడం.

సాయంత్రం చీరల అంచులు చింపుతూ అర్చన మామూలుగా అడిగింది. "అత్తమ్మా, బొంత మొదటి అంచుకు ఎంతసేపు పడ్తది?"

"గంట. గంటంబావు."

అన్నాక నర్సక్క చేతిలోని చీర ఆగింది. భీమన్న కూడా చెంచా ఆపి ఆమెను చూశాడు. ఈ రెండు నెలల్లో ఆమె వందలసార్లు కూర్చుంది, వందలసార్లు లేచింది. కూర్చున్న వెంటనే లేచింది. ఒక్కసారైనా రెండు నిమిషాలు కూర్చుని ఉండలేదు.

"కూసో," అన్నాడు భీమన్న మెల్లగా. "సూద్దాం."

ఆమె గోడకు దూరంగా బాసిపట్లు వేసుకుని కూర్చుంది. గడియారం వైపు చూస్తూ కదలకుండా, ఊపిరి కూడా చూసుకుని తీసుకుంటూ కూర్చుంది. ఇరవై నిమిషాలయ్యాక అతను మూడు కొట్టాడు. మోకాళ్ళు రాలేదు. ఎవరో వాటికి తాళం వేసినట్టుంది. మళ్ళీ మూడు కొట్టాడు. ఆమె పక్కకు వాలి, మోచేతిమీద పాకి, గుమ్మం పట్టుకుని లేచింది.

భీమన్న చెంచాను గ్లాసులో వేసి, గ్లాసును వంటింట్లో పెట్టి వచ్చాడు. "ఆగమ్మకు ఫోన్ చెయ్యనా?" అని అడిగాడు.

"ఎందుకు? రేపు ఎట్లయిన వస్తది కదా," అంది నర్సక్క. చింపిన అంచులన్నీ ఉండగా చుట్టి, ఆ ఉండను ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు కుర్చీలో కూర్చుంది.

*

ఆగమ్మ పొద్దున్నే వచ్చింది. కొప్పులో కొత్త సూది మెరుస్తోంది. గడప దాటుతూనే ఇల్లంతా చూసి, "వదినెకు కుర్చి యాడ వేసిన్రు?" అని అడిగింది.

"వెయ్యలే," అంది నర్సక్క.

"వెయ్యిరి. పోయినసారి లెక్క నువ్వు దారం ఎక్కియ్యి, నేను కుడ్త. నా మోకాళ్ళు ఇంకా ఇనుపవే."

"ఇనుము గూడ తుప్పు పడ్తది, ఆగమ్మా," అన్నాడు భీమన్న వంటింట్లోంచి.

వీధిలోని నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ముందుగదిలో మంచం ఎత్తి బయట పెట్టారు. ఏడు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, ముడతలు చేత్తో తోసి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టారు. అట్టడుగున అర్చన తల్లి చీర, అన్నిటికన్నా పైన ఆకుపచ్చ చుక్కల చీర. గది నిండిపోయింది. ఆఖరున జీన్స్ ప్యాంటులో ప్రణాలి వచ్చి, చెప్పులు విప్పి, అర్చనను చూసి నవ్వి, చూపించిన చోట చటుక్కున బాసిపట్లు వేసుకు కూర్చుంది.

"ఈ అంచు పట్టుకో బిడ్డా," అంది నర్సక్క. "గట్టిగ లాగి పట్టు. కదిలితె కుట్టు వంకర పోతది."

"హలనార్ నాహీ, మావశీ. కదలను."

నర్సక్క కాసె బిగించింది. తూర్పు మూలకు నడిచింది. గుమ్మంలో భీమన్న ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఆమె ఎదురుగోడమీది క్యాలెండరు చూస్తూ, చేతులు ముందుకు చాపి, మెల్లగా, నీళ్ళలోకి దిగినట్టు దిగింది. కూర్చుంది. సూది తీసి, దారానికి మైనం రాసి, ముడి వేసింది.

ఆగమ్మ కొప్పులోని సూదిని ఒకసారి తడుముకుంది.

మొదటి కుట్టు ఏడు పొరలూ దిగడానికి బొటనవేలితో నెట్టాలి. రెండో కుట్టు కొంచెం తేలిక. బియ్యపుగింజంత కుట్టు, గింజంత ఎడం, మళ్ళీ కుట్టు. జానెడు అయ్యాక చెయ్యి అందదు. అప్పుడు పక్కకు జరగాలి. నర్సక్క ఎడమకాలు చాపి, కుడికాలు ముడిచి, తుంటిమీద బరువు వేసి జరిగింది. ఇంకో జానెడు. ఈసారి కుడికాలు చాపి, ఎడమకాలు ముడిచింది. ఆడవాళ్ళ మాటలు మొదలయ్యాయి. ఎవరి కూలరు ఎలా చెడిపోయిందో, వాన ఎప్పుడొస్తుందో, వరోరాలో ఎవరింట్లో పెళ్ళికి ఎంత ఉప్పు ఎక్కువైందో. అర్చన సూదుల్లో దారం ఎక్కించి ఇస్తోంది. ఇచ్చిన ప్రతిసారీ వాకిట్లో ఉన్న నాగేష్ కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు.

"నాగేష్, నీకు గూడ సూది కావాల్నా?" అంది ఆగమ్మ.

కిటికీ ఖాళీ అయింది. అందరూ నవ్వారు.

నాలుగో జానెడు దగ్గర నర్సక్కకు ఒక సంగతి తెలిసింది. నిన్న తను బొంత కుట్టడానికి కూర్చోలేదు. గడియారాన్ని చూడడానికి కూర్చుంది. బొమ్మలా కదలకుండా. బొంత ఎవరినీ అలా కూర్చోనివ్వదు. జానెడు కుట్టగానే జరుపుతుంది, ఒక కాలు అడుగుతుంది, ఇంకో కాలు ఇస్తుంది. మోకాలు మడిచినప్పుడల్లా సన్నగా కలుక్కుమంటోంది. కలుక్కుమంటే తెరుచుకుంటున్నట్టే. ఆమె ఐదో జానెడు కుట్టింది. జరిగింది. మాటల్లో పడి ఆరోదానికి లెక్క మరిచిపోయింది.

మూల దగ్గర ఇటుక తగిలింది. ఆఖరి కుట్టు. ముడి వేసి, వంగి, దారం పళ్ళతో కొరికింది.

అందరూ తనవైపు చూస్తున్నారని ఆమెకు తెలుసు. ఆగమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. సాయం చెయ్యకూడదని అలా పెట్టుకుందో, సాయం అడిగితే వెంటనే ఇవ్వాలని పెట్టుకుందో. అర్చన కళ్ళు మూసుకుంది. నర్సక్క పక్కనున్న దారపు రీళ్ళ డబ్బా మూత బిగించింది. బిస్కెట్లు వచ్చిన గుండ్రటి రేకు డబ్బా అది. దాన్ని రెండు చేతులతో ఎత్తి తన నెత్తిమీద పెట్టుకుని, చేతులు వదిలేసింది.

వంటింటి గుమ్మంలోంచి టింగు, టింగు, టింగు అని వినబడింది. అతను గ్లాసు ఎప్పుడు తెచ్చుకున్నాడో ఎవరూ చూడలేదు.

ఒక మోకాలిమీదికి వచ్చింది. ఇంకో పాదం నేలకు ఆనించింది. ఊపిరి వదిలింది. క్యాలెండరులోని తేదీలు ఒక్కొక్క వరుసే కిందికి దిగాయి. ఆమె నిలబడింది. డబ్బాలో రీళ్ళు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా రాలేదు.

ఒక్క క్షణం తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. కిటికీలో నాగేష్ మళ్ళీ ప్రత్యక్షమై, "తియ్యలే, వీడియో తియ్యలే," అని నెత్తి కొట్టుకున్నాడు. ఆగమ్మ కొప్పులోంచి కొత్త సూది తీసి వదినె చేతిలో పెట్టింది.

"నీ బొంతకు నీ సూదే ఉండాలె," అని, రెండో అంచు కుట్టడానికి కూర్చుంది. కూర్చునేటప్పుడు గోడమీద చెయ్యి పెట్టింది. నర్సక్క చూసింది.

అప్పుడు అవతలి పక్కనుంచి సన్నగా ఒక గొంతు వినబడింది. "మావశీ."

ప్రణాలి. గంటంబావు నుంచి అంచు వదలకుండా, నిజంగానే కదలకుండా కూర్చున్న ఒక్కగానొక్క మనిషి. ఇప్పుడు ఒక చెయ్యి నేలమీద ఆనించి లేవబోయి, మళ్ళీ కూలబడింది. ముఖంలో నవ్వూ ఏడుపూ ఒకేసారి ఉన్నాయి.

"కాళ్ళు లేవు, మావశీ. రెండు గూడ లేవు. చీమలు, మొత్తం చీమలే."

నర్సక్క నెత్తిమీద డబ్బాతో అలాగే ఆమెవైపు తిరిగింది. "చెయ్యి ఆనించొద్దు," అంది. "ఛాతీ పైకి. లేవంగ శ్వాస బయటికి."

"నకో నా, మావశీ," ప్రణాలి నవ్వుతూ పక్కకు ఒరిగిపోయింది. "నవ్వియ్యకు, నవ్వితె ఇంకా కుడ్తున్నయి. ఎనభై కిలోలు ఎత్తుత నేను. రేపు పోయి ఆ గోడమీది కాగితం చింపకపోతె నా పేరు ప్రణాలి కాదు."

"చింపకు. వచ్చే ఐతారం దత్తును ఈడికి తోలుకరా. పెద్ద కోడలుకు చెప్పిన, వాళ్ళకు గూడ ఇంకో బొంత మొదలు పెడ్తున్న. అంచు పట్టుకునెటోళ్ళు కావాలె."

అంటూనే నర్సక్క డబ్బా తీసి అర్చనకిచ్చింది. ప్రణాలి పక్కన నేలమీద చతికిలబడి, ఆ పిల్ల పాదాలు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని, అరికాళ్ళు గట్టిగా రుద్దసాగింది. ప్రణాలి కెవ్వుమంది. అర్చన వచ్చి ఇంకో పక్క పట్టుకుంది. ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నారు.

గుమ్మంలో భీమన్న చెంచా పట్టుకుని నిలబడ్డాడు. గ్లాసు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆమె కూర్చుంది, తను రెండు కొట్టనే లేదు.